వనజీవికి తగిన స్మారకము

దరిపల్లి రామయ్యగారు 2025వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన, చైత్ర పూర్ణిమనాడు, దివంగతులైరి. ఖమ్మము చెంతనున్న రెడ్డిపల్లి వారి గ్రామము. లోకము వారి యింటిపేరు మఱచి వనజీవి రామయ్య యనియే పిలిచినది. కోటికి పైగా మొక్కలు నాటిరని ప్రతీతి. 2017లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ పురస్కారము నొసగినది. అట్టివాని స్మృతికి మనమేమి చేయవలెనను ప్రశ్న తెలంగాణమువారికి మాత్రమే చెందినది కాదు. కృష్ణకు ఆవలి సీమలో పుట్టినవాని పేరు ఈవల మన పెదకూరపాడులో తలచుకొనుటకు ఏ యెల్లయు అడ్డురానేరదు.

పెద్దలు పోయినపుడు మనము చేయు పని యందఱెఱిగినదే. ఒక సంతాపసభ, ఒక పటము, చేతనైనచో నాలుగు వీథుల కూడలిలో ఒక విగ్రహము. ఆ పెద్ద వృక్షప్రేమికుడైనచో ఇంకొకటి చేర్తుము: మొక్కలు నాటు ఉత్సవము. 1950లో మున్షీగారు వనమహోత్సవమును దేశమున కెల్ల ఏర్పాటు చేసిరి. నాటినుండి నేటివఱకు ఏటేట వానకారున గోతులు త్రవ్వుచునే యున్నాము. ఆ గోతులలో పెట్టిన మొక్కలన్నియు బ్రదికియుండినచో ఈపాటికి మన రహదారులపై ఎండపొడ యైన సోకునా? మొక్కకు నీరుపోయు చెంబుతో ఛాయాపటము దీయించుకొనిన పెద్దమనిషి, రెండవమాఱు ఆ గోతి దరికి పోయిన యుదాహరణము లెన్ని?

రామయ్యగారి ఘనతను కోటి యను సంఖ్యతో కొలుచుట నాకు తృప్తిగా తోచదు. చెట్టును కాపాడుడని వ్రాసిన పలకను మెడలో వేసికొని, విత్తనములను మొక్కలను సైకిలుపై పెట్టుకొని, భార్య జానమ్మగారు తోడురాగా, ఎవరి యాజ్ఞయు లేక ఎవరి జీతమును గోరక తిరిగిన మనుష్యుడాయన. చూచినవారు పిచ్చివాడనిరి. ఆ పిచ్చి ఒక్కదినముతో తీరలేదు, దశాబ్దముల తరబడి నిలిచినది. మనకు కొఱవడినది మొక్కలు కాదు, ఆ నిలుకడ.

కావున వారి వర్ధంతిని మనమెట్లు జరుపవలెనో యోచింతము. ఏప్రిల్ నడుమ పల్నాటి యెండ యెట్టిదో చదువరులకు చెప్పవలసిన పనిలేదు. నల్లరేగడి బీటలువాఱి, కుంటలు అడుగంటు కాలమది. ఆనాడు మొక్క నాటుట మొక్కను చంపుటయే. కాని నాటిన మొక్కలలో నెన్ని బ్రదికినవో లెక్కించుటకు అంతకంటె తగిన దినము లేదు. ఆనాడు బడిపిల్లలు, పఠనమందిరపు సభ్యులు, రైతులు కూడి వీథివీథి తిరిగి, నిరుడు నాటిన ప్రతి మొక్కను చూచి, ఉన్నదానికి కుండెడు నీరుపోసి, చచ్చినదానిని చచ్చినట్లే వ్రాసి, ఆ పట్టికను పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపవలెను. నూటికి పదియే మిగిలినచో పదియే యని వ్రాయవలెను. ఆ యంకె చూచి సిగ్గుపడిన గ్రామము మఱుసటియేడు కంచెలు కట్టును.

నాటుట వానకారు పని. దానికి విత్తనము ముందుగా చేర్చుకొనవలెను గదా. వేపపండ్లు తొలకరి దినములలో రాలును. వాని విత్తులు కొలదివారములకే మొలకెత్తు శక్తిని గోల్పోవును. తాటిపండ్లు శ్రావణ భాద్రపదములలో రాలును. ఆ టెంకలను ఏరి చెరువుకట్టపై పాతిన చాలును, నర్సరీ యక్కఱలేదు, కంచెయు నక్కఱలేదు. మన పఠనమందిరములలో పాతపత్రికలు పేర్చిన మూలనుండి రెండు బుట్టల చోటు విత్తనములకు కేటాయించినచో గ్రంథములకేమి కొఱత?

ఏ చెట్టు నాటవలెననుట యింతకంటె ముఖ్యము. మనయూరి చేతిపనివానికి పనికివచ్చు చెట్టును నాటుడని నా మనవి. మనిషి యన్నము పెట్టుకొను చెట్టుకు కావలివాడు తానై యేర్పడును. కృష్ణకావలి కొండపల్లిలో బొమ్మలు చేయువారికి తెల్లపొణికి కఱ్ఱ దొరకుట యేటేటికి దుర్లభమగుచున్నది. ఆ తేలిక కఱ్ఱ లేనిచో ఏనుగంబారీ లేదు, దశావతారములు లేవు. విశాఖసీమయందు వరాహనదీతీరమున ఏటికొప్పాకవారు అంకుడు కఱ్ఱను తరిణెపట్టి, లక్కతో రంగులెక్కింతురు. ఆ రంగులను మరల ఆకులనుండి విత్తనములనుండి తీయించిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. పనివాడున్నను చెట్టు లేనిచో ఈ గౌరవములన్నియు నెందులకు?

చెట్టును నఱకువానిచేతికే చెట్టును అప్పగింతురా యని యొకరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సబబైనదే. అంకుడు కొమ్మ గొట్టిన మరల చిగిర్చును. తాటియాకు కోసిన తాడు చావదు. వెదురుపొదలో ముదిరిన బొంగులు తీసి లేతవి విడిచినచో పొద బలియునేకాని తఱుగదు. ఈ మర్మము మేదరికి తెలిసినంత చట్టమునకు తెలియలేదు. గడ్డిజాతికి చెందిన వెదురును చెట్టుగా నెంచి, సొంత పెరటిలో పెంచినవానిని సైతము అనుమతుల చుట్టు త్రిప్పిన శాసనము 2017లో గాని సవరింపబడలేదు. ఈలోపల మేదర చాటలస్థానమున ప్లాస్టికు చాటలు వచ్చి కూర్చున్నవి.

2022 జూలై 1వ తేదీనుండి ఒక్కమాఱు వాడి పాఱవేయు ప్లాస్టికు పళ్లెములు దేశమున నిషిద్ధములు. నిషేధము మంచిదే. కాని మన పెండ్లిపందిళ్లలోనికి తిరిగివచ్చినది మోదుగాకు విస్తరి కాదు, లోపల ప్లాస్టికుపూత గల కాగితపుపళ్లెము! విస్తరికుట్టు స్త్రీలు, తాటాకు చాపలల్లువారు, మేదరులు మన గ్రామములలో మిగిలియుండగానే ఈ పని మొదలుపెట్టుట మేలు. చేయి మఱచిన విద్యను ఏ వనమహోత్సవమును మరల మొలిపింపజాలదు.

రైతుల యాక్షేపణ వేఱు. మిరపకు పత్తికి చెట్టునీడ పడరాదందురు. వారి చేలలో నాటుమని యెవరును కోరుటలేదు. చెరువుకట్టలు, శ్మశానవాటికలు, బడియావరణలు చాలును. పంటబోదెలు పాడుగాకుండ కాలువగట్లను సైతము వాడుకొనవచ్చును. ఇపుడా స్థలములలో మనకు నీడనీయని సర్కారుతుమ్మ కంప పెరుగుచున్నది. దానిని పెఱికి వేపను, తాడిని, మోదుగును, వెదురును పెట్టుటకు ఎవరి పొలము నష్టపడును?

హక్కు సంగతి తేల్చనిదే యీ పని సాగదు. పల్నాడు దీనిని నెత్తురు చిందించి నేర్చినది. అడవిలో పసులమేతకు పన్ను విధించిన తెల్లదొరల నెదిరించి పుల్లరి కట్టమని నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడున తుపాకిగుండ్లకు బలియయ్యెను. తనకు హక్కులేని యడవిని ఏ పల్లెయు ప్రేమింపలేదు. నేడు మేతబీళ్లు, శ్మశానములు, తోపులు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ననుసరించి గ్రామపంచాయతికే దఖలుపడినవి. కావున మొక్క నాటుటకు ముందే పంచాయతి తీర్మానములో స్పష్టముగా వ్రాయవలెను: తాటియాకు చాపలల్లువారిది, వెదురు మేదరిది, మోదుగాకు విస్తరికుట్టువారిది, మొదటి మూడు వేసవులు నీరుపోసినవారికి ఫలములో వంతు. పేర్లతో సహా వ్రాసి, దండోరా వేయించి, ఆషాఢములోపల సంతకములు తీసికొనవలెను. వేపవిత్తులు ఆపై ఆగవు.