రెండు గంటలకోసారి

మా జహీరాబాద్ హైవే మీద బండి మీంచి పడ్డ మనిషిని నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఆటోలోకి ఎక్కించారు. సాయమే, కాదనను. కానీ వెన్నెముక విరిగివుంటే ఆ కుదుపుకి లోపలి వెన్నుపాము ఇంకా నలిగిపోవచ్చు. ‘తలా మెడా కదపకండి, 108 రానివ్వండి’ అని నేను అరవాల్సింది. అరవలేదు.

దెబ్బతిన్న వెన్నుపామును మళ్లీ మునుపటిలా చేసే మందు ఇంకా రాలేదు. తర్వాతి చాకిరీ అంతా ఇల్లాలిదే! రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే పుండ్లు పడతాయి. స్పర్శ ఉండదు కనుక ఆ మనిషికి తెలీదు. మరి ఆమె నిద్ర? ఇంట్లో మిగతావాళ్లు వంతులేసుకోకూడదా?

మంచాన పడితే అంతే అనుకోనక్కర్లేదు. 1954లో ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ వేలూరులో చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేశారు. మన ఇళ్లలోనేమో ఆ కుర్చీ గుమ్మం దాటే వీలే ఉండదు.