చూడ్డానికి బాగానే ఉన్నాడు – అయినా పింఛను అతని హక్కు

మన మండలంలో ఒక మిత్రుడున్నాడు. పేరు రాయడం లేదు. ఆ ఇంట్లో పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల ఉంది. తండ్రికి మానసిక జబ్బు ఉందని అచ్చులో కనపడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. ఈ వ్యాసం రాయాల్సి రావడానికి మొదటి కారణం ఆ భయమే.

ఆయన మన సంఘ సభ్యుడు. మిర్చి ధర పడిపోయిన ఏడు యార్డు ముందు ధర్నాకు సొంత ట్రాక్టరు మీద జనాన్ని తోలుకొచ్చినవాడు. రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. ఒక ఏడాది ఉన్నట్టుండి మరో ఎనిమిదెకరాలు కౌలుకు పట్టాడు. అడిగినవాళ్లందరికీ అడ్వాన్సులిచ్చాడు. రాత్రిళ్లు నిద్రపోలేదు. తెల్లవారుజామున రెండింటికి ఫోన్ చేసి, మనమే మిర్చిని విదేశాలకు ఎగుమతి చేద్దామనేవాడు. ఊరు "కొవ్వెక్కింది" అంది. నాలుగు నెలలు తిరక్కముందే అదే మనిషి మంచం దిగలేదు. కాయ పండి చేను మీదే ఎండిపోతున్నా అటు చూడలేదు. ఊరు "సోమరిపోతయ్యాడు" అంది. బైపోలార్ డిజార్డర్ అని డాక్టర్లు తేల్చేసరికి కౌలు బాకీ, మందుల కొట్టు బాకీ, ట్రాక్టరు ఫైనాన్సు అన్నీ మెడకు చుట్టుకున్నాయి. ట్రాక్టరు పోయింది.

మరి మేమేం చేశాం? వరసగా నాలుగు మీటింగులకు రాలేదని సభ్యత్వ పుస్తకంలో ఆయన పేరు పక్కన "పనిచేయడం లేదు" అని రాశాం. ఏ అధికారో రాయలేదు, మేమే రాశాం. ఎరువుల కొరత గురించి, గిట్టుబాటు ధర గురించి గంటల తరబడి మాట్లాడే మేము, పక్క వీధిలో మంచం పట్టిన మిత్రుడి గురించి ఒక్క నిమిషం మాట్లాడలేదు. ప్రభుత్వాన్ని నిలదీసే ముందు ఈ తప్పు ఒప్పుకోకపోతే మా మాటకు విలువుండదు.

చట్టం ఏం చెబుతోంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. ఇది కొత్తగా వచ్చిన హక్కు కూడా కాదు. 1995 చట్టం గుర్తించిన ఏడు రకాల్లోనూ ఇది ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్ వస్తే మన రాష్ట్రంలో పింఛనుకు ఆధారం ఉన్నట్టే. 2024 జులై నుంచి ఆ పింఛను నెలకు 6 వేలు. తెలంగాణలో 4,016 రూపాయలు. కేంద్రం సంగతి చూడండి: దాని పథకం కింద 80 శాతం వైకల్యం ఉండాలి, పేదరిక రేఖకు దిగువన ఉండాలి, అప్పుడు ఇచ్చేది నెలకు 300 రూపాయలు. రోజుకు పది రూపాయలు. మానసిక రోగి నెల మందులకు చాలవు సరికదా, ఆసుపత్రికి వెళ్లొచ్చే బస్సు ఛార్జీకి కూడా చాలవు.

కాగితం మీద హక్కుంది. మనిషి చేతికి ఎందుకు రావడం లేదు? మేం చూసింది చెబుతాం.

సచివాలయంలో స్లాటు కోసం తిరిగితే మూడు నెలలకు దొరికింది. ఆ రోజు పొద్దున్నే ఆయనకు గడ్డం గీయించాం. ఇస్త్రీ చొక్కా తొడిగాం. పెద్ద డాక్టరు దగ్గరకు వెళుతున్నాం కదా, మర్యాదగా కనపడాలనుకున్నాం. క్యాంపులో తోపులాట. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

"ఏమయ్యా, ఎలా ఉంది?"

"బానే ఉందండీ."

"వ్యవసాయం చేస్తున్నావా?"

"చేస్తున్నానండీ."

అంతే. ఐదు నిమిషాలు పట్టలేదు. మా చేతికొచ్చిన కాగితంలో వైకల్యం 30 శాతం. ఆయన చెప్పింది అబద్ధమా? కాదు, అభిమానం. నలుగురిలో "నేను చెయ్యలేకపోతున్నా" అని ఏ రైతు అంటాడు? రెండేళ్లుగా ఆ పొలం దున్నిస్తున్నదీ, నీళ్లు కడుతున్నదీ, కూలీలకు డబ్బు సర్దుతున్నదీ ఆయన భార్య. ఆమె ఆ గది బయటే నిలబడి ఉంది. ఆమెను లోపలికి ఎవరూ పిలవలేదు. పిలవమని మేమూ అడగలేదు.

కాలు లేనివాడు క్యాంపుకు వస్తే కాలు లేదని కనపడుతుంది. మనసు జబ్బు అలా కాదు. కుంగిపోయిన రోజుల్లో ఆ మనిషి క్యాంపు దాకా రాలేడు. హుషారెక్కిన రోజుల్లో నాకు జబ్బేమిటని మన మీదే తిరగబడతాడు. రాగలిగిన రోజు వస్తే బాగానే ఉన్నాడని పంపేస్తారు. స్లాటు పట్టుకోవడం, కాగితాలు దాచుకోవడం, క్యూలో నిలబడడం, తన బాధ తాను విప్పి చెప్పుకోవడం – ఈ జబ్బు మనిషి నుంచి లాగేసుకునేది సరిగ్గా ఈ శక్తినే. ఏ శక్తి పోయిందో ఆ శక్తితోనే వచ్చి నిరూపించుకోమంటోంది ఈ పద్ధతి. కాబట్టి ఈ హక్కును జబ్బుపడ్డ మనిషి ఒంటరిగా సాధించుకోలేడు. అతని వెంట ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో సంఘమే ఎందుకు కాకూడదు?

మానసిక వైకల్యాన్ని కొలవడానికి ప్రభుత్వమే ఒప్పుకున్న కొలమానం ఒకటుంది. దాని పేరు ఐడియాస్. అది మనిషి ముఖం చూసి అంచనా వేసేది కాదు. నాలుగు విషయాలు అడుగుతుంది: తన ఒంటి సంగతి తాను చూసుకోగలడా, నలుగురితో మెలగగలడా, చెప్పింది అర్థం చేసుకుని తన మాట చెప్పగలడా, పని చేయగలడా. ఒక్కోదానికి సున్నా నుంచి 4 వరకు మార్కులు. జబ్బు ఎన్నాళ్లుగా ఉందనేదానికి మరికొన్ని మార్కులు. ఇవన్నీ ఐదు నిమిషాల్లో, రెండు ప్రశ్నల్లో తేలతాయా? ఇంట్లోవాళ్లను అడగకుండా తేలతాయా? బస్తా తూకంలో కాటా మోసాన్ని పట్టుకునే మనం ఈ కాటాను కూడా చూడడం నేర్చుకోవాలి.

రెండోసారి నేర్చుకునే వెళ్లాం. నాలుగేళ్ల ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు, మందుల బిల్లులు తేదీల వరసలో ఫైలు కట్టాం. ఆరు నెలల పాటు ఆయన భార్య ఒక నోటుబుక్కులో రాసింది: ఏ రోజు మంచం దిగలేదు, ఏ రోజు అన్నం తినలేదు, ఏ రాత్రి నిద్రపోకుండా ఊరంతా తిరిగాడు. ఆమెను లోపలికి తీసుకెళ్లమని గట్టిగా అడిగాం. డాక్టరు ఈసారి కూర్చోబెట్టి విన్నారు. ఆ డాక్టరును తప్పు పట్టడానికి లేదు. బయట ఎనభై మంది ఉంటే, లోపల మానసిక వైద్యులు ఆయనొక్కరే. 55 శాతమని సర్టిఫికెట్ వచ్చింది. అదీ తాత్కాలికం. గడువు తీరితే మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

పింఛను వచ్చిందా? ఇంకా రాలేదు. కొత్త దరఖాస్తులు తీసుకోవడానికి పైనుంచి ఆదేశాలు రాలేదని చెప్పి పంపేస్తున్నారు. సర్టిఫికెట్ గడువు మాత్రం రోజూ కరిగిపోతోంది. ఇదీ ఈ రోజుకు మా మిత్రుడి పరిస్థితి.

ఈ మాటలు ఎత్తినప్పుడల్లా మనకు వినపడే వాదనలు కొన్నున్నాయి. వాటికి ఇక్కడే జవాబు చెప్పాలి.

"మందులు వేసుకుంటున్నాడుగా, పొలం పనికి వెళ్లొచ్చుగా" అంటారు. బైపోలార్ జబ్బుకు వాడే ముఖ్యమైన మందు లిథియం. అది వేసుకునేవాళ్లలో చాలామందికి చేతులు వణుకుతాయి. ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో మందు మోతాదు ప్రమాద స్థాయికి చేరవచ్చు. అందుకే అప్పుడప్పుడు రక్త పరీక్ష చేయించుకోవాలి. వణికే చేతులతో పురుగుమందు ట్యాంకు వీపున వేసుకుని ఏప్రిల్ ఎండలో మిర్చి తోటలోకి దిగమంటారా? జబ్బు అదుపులో ఉండాలంటే మందు కావాలి. ఆ మందే ఎండలో పనికి అడ్డం. ఇది సోమరితనం కాదు.

"దొంగ సర్టిఫికెట్లు ఎక్కువయ్యాయి" అంటారు. ఉంటే పట్టుకోండి, అమ్ముకున్న దళారీని, సంతకం పెట్టినవాడిని జైలుకు పంపండి. 2025లో మన రాష్ట్రంలో వికలాంగుల పింఛన్ల పునఃపరిశీలన పేరుతో నోటీసులు వచ్చినప్పుడు నిజమైన వికలాంగులు ఎంత హడలిపోయారో ఊరూరా చూశాం. కంటికి కనపడే వైకల్యానికే అంత పరీక్ష పెట్టినచోట, కనపడని వైకల్యం ఉన్నవాడి గతేమిటి? దొంగను పట్టుకోలేని వ్యవస్థ రోగిని నిలబెట్టి దొంగను చూసినట్టు చూస్తోంది.

"పిచ్చోడని ముద్ర వేయించుకోవడం దేనికి, పరువు పోదా" అంటారు. ఈ మాట అనేది ప్రభుత్వం కాదు, మనమే. బీపీ ఉందంటే పోని పరువు, షుగరు ఉందంటే పోని పరువు దీనికెందుకు పోవాలి? తాయెత్తులకు, భూతవైద్యులకు వేలు పోస్తే పోని పరువు సర్టిఫికెట్ తెచ్చుకుంటే పోతుందా?

ఇంకొక్క మాట. 2023లో దేశంలో వ్యవసాయం మీద బతికే 10,786 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. అందులో రైతులు 4,690 మంది, మిగిలినవాళ్లు వ్యవసాయ కూలీలు. మన రాష్ట్రంలో రైతు చనిపోతే త్రిసభ్య కమిటీ వస్తుంది. అప్పుల పత్రాలు, పాసు పుస్తకం అన్నీ చూస్తుంది. ఆ కుటుంబానికిచ్చే పరిహారాన్ని 2019లో 7 లక్షలకు పెంచారు. ఆ పరిహారం కోసం కొట్లాడింది మనమే, ఇంకా అందని కుటుంబాల కోసం కొట్లాడుతూనే ఉన్నాం. కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చనిపోయాక ముగ్గురు అధికారులు ఇంటికొస్తారే, బతికుండగా ఒక్కరు రారేం? మంచం పట్టిన రైతు ఇంటికి ఒక డాక్టరు, ఒక సచివాలయ ఉద్యోగి వచ్చి నెలకు ఆరు వేలు రాసి వెళ్తే ఆ ఇంటికి కాస్త ఊపిరి ఆడుతుంది. రైతు బతికుండగా లెక్కలోకి రావాలి.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. మానసిక వైకల్యానికి ప్రతి నియోజకవర్గ కేంద్రంలో వేరుగా సదరం క్యాంపులు పెట్టాలి. ఇంట్లోవాళ్ల మాట వినకుండా శాతం వేయకూడదు. కదలలేని రోగి ఇంటికే బృందం వెళ్లాలి. ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవారికి తాత్కాలిక సర్టిఫికెట్ల తిప్పలు ఉండకూడదు. కొత్త పింఛన్ల దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకోవాలి. కేంద్రం తన 300 రూపాయలను, 80 శాతం నిబంధనను మార్చాలి. పీహెచ్‌సీల్లో మానసిక రోగుల మందులు నెలనెలా అందాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పేదలకు ఉచిత వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది. అది అమలు కావాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేయాల్సినవీ ఉన్నాయి. ప్రతి గ్రామ కమిటీ ఇద్దరు సభ్యులకు ఈ పని అప్పజెప్పాలి. మానసిక జబ్బుతో ఉన్న కుటుంబం ఒప్పుకుంటే వాళ్ల వెంట నడవాలి. ఆసుపత్రి చీటీలు ఒక్కటి కూడా పారేయకుండా ఫైలు కట్టించాలి. చెడ్డ రోజుల వివరాలు ఇంట్లోవాళ్ల చేత రాయించాలి. క్యాంపు రోజున మనిషిని ముస్తాబు చేయకండి, ఉన్నవాడిని ఉన్నట్టు తీసుకెళ్లండి. పెంచి చెప్పకండి, దాచి చెప్పకండి. "బానే ఉన్నా" అనే మాట దగ్గర ఆగిపోకుండా, కిందటి నెల ఎలా ఉందో ఇంట్లోవాళ్ల చేత చెప్పించండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. శాతం తక్కువ వేస్తే వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 59 కింద అప్పీలు చేసుకునే హక్కుంది, ఆలస్యం చేయకండి. ఎవరైనా చావు మాట మాట్లాడుతుంటే తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఛార్జీ లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మా సభ్యత్వ పుస్తకంలో ఆ రెండు మాటలు కొట్టేశాం. ఈ ఏడాది ఆయన సభ్యత్వ రుసుము మేమే కట్టాం. పోయిన నెల మీటింగుకు ఆయన వచ్చాడు. చివరి వరసలో కూర్చుని ఏమీ మాట్లాడకుండా వెళ్లాడు. పర్వాలేదు, మాట్లాడే పని మాది. వచ్చే నెల ఒకటో తారీఖుకు ఆయన పింఛను సంగతి తేల్చకపోతే, ఆ కుటుంబం ఒప్పుకున్న మాట ప్రకారం, 55 శాతం సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని మండల కార్యాలయం ముందు కూర్చుంటాం. మీ ఊళ్లోనూ ఇలాంటి మిత్రుడు ఉండే ఉంటాడు. అతన్ని వెతకండి, అతని తరఫున మీరూ కదలండి.