నాయనమ్మకు మనవడి నడుంపట్టీ

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్‌ ఇంజనీరింగ్‌ ఆఖరి సంవత్సరం. పడినా తుంటి విరగకుండా ప్రాజెక్టు కింద మెత్తల నడుంపట్టీ చేశాడు. లేచి నిలబడడానికి సాయంగా మోకాళ్ళ కిందిదాకా ఏవో తీగెలు కూడా అమరుస్తాడట. నాయనమ్మకే తొడిగి చూపిస్తానంటాడు. మా అత్తగారికి 74 ఏళ్ళు. షుగరు వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గింది. రాత్రి రెండుసార్లు లేస్తారు. ఆర్నెల్ల క్రితం పెరట్లో జారిపడి మణికట్టు విరిగింది. మనవడి కోసం ఆవిడ సరేనన్నారు. నాకే భయం. తొడగనివ్వచ్చా?

- ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ భయం సగం సబబే. మెత్తలనూ తీగెలనూ ఒకే గాటన కట్టకూడదు.

మెత్తల విషయంలో గారడీ ఏమీ లేదు. కార్న్‌ఫ్లోరు నీళ్ళలో చిక్కగా కలిపి చూడండి. చెంచా నెమ్మదిగా తిప్పితే తిరుగుతుంది, గుప్పిటతో గట్టిగా కొడితే బిగుసుకుంటుంది. ఇదే గుణం కోసం సన్నని సిలికా పొడిని పాలిఇథిలీన్‌ గ్లైకాల్‌లో కలుపుతారు. నడిచేటప్పుడు మెత్తగా ఉండి, దెబ్బ తగిలిన క్షణాన గట్టిపడుతుంది. (వంటింటి పిండితోనే చేసి ఉంటే నాలుగు రోజులకే కంపు కొడుతుంది!)

కాని తుంటి విరిగేది ఎక్కువగా పక్కకు పడినప్పుడు. తొడ పైభాగాన పక్కగా చేతికి తగిలే ఎముక మీదే మెత్త ఉండాలి. రెండంగుళాలు జారితే ఉన్నా లేనట్టే. ఇలాంటి తుంటి కవచాలను విదేశాల్లో చాలా ఏళ్ళు పరీక్షించారు. వృద్ధాశ్రమాల్లో కొంత మేలు కనిపించింది. సొంత ఇళ్ళలో ఉండేవారిలో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. చాలామంది విప్పి పక్కన పెట్టేస్తారు మరి. బిగుతు, ఉక్కపోత, పైగా రాత్రిపూట బాత్‌రూములో విప్పుకోవడం ఒక యాతన. మీ అబ్బాయినే ఆ పట్టీ కట్టుకుని, పైన మీ చీర చుట్టుకుని, చీకట్లో ఒకసారి విప్పుకోమనండి. నవ్వులాటకు అనడం లేదు.

తీగెలు మాత్రం వద్దు. అవి బహుశా నికెలు, టైటానియం కలిసిన నిటినాల్‌ తీగెలై ఉంటాయి. వేడి చేస్తే పాత ఆకారానికి వచ్చే లోహమది. కాలి రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లకూ దాన్నే వాడతారు. అక్కడ ఒంటి వేడే చాలు. కరెంటు పంపి లాగించే తీగెల్లో 70, 90 డిగ్రీల దగ్గర పనిచేసే రకాలున్నాయి. స్పర్శ లేని కాలికి చర్మం కాలుతున్నా తెలియదు, షుగరు మనిషికి పుండు పడితే ఓ పట్టాన మానదు. బొమ్మకాలికి తొడిగి చూపించమనండి. మెత్త మీద బరువు జారవిడిచి, అంతే మందమున్న మామూలు స్పాంజితో పోల్చి అంకెలు చూపితే మాస్టర్లూ మెచ్చుకుంటారు. మనవడి మార్కుల కోసం ఆవిడ కాదనలేరు. కాదనవలసింది మీరే.

ఇక మీరు ఒక్క వాక్యంలో దాటేసిన మణికట్టు. ఈ వయసులో జారిపడినంత మాత్రానికే ఎముక విరిగిందంటే, అది గుల్లబారిందేమోనని చూడాలి. కట్టు విప్పడంతో వైద్యం అయిపోలేదు. డెక్సా స్కాన్‌ చేయించండి. ఎముకను బలపరిచే మందులున్నాయి, డాక్టరే నిర్ణయిస్తారు. ఆవిడ వేసుకునే బి.పి., నిద్ర మాత్రలు అన్నీ ఆయనకు చూపండి. కళ్ళలో శుక్లాలున్నాయేమో కూడా చూపించండి. రాత్రి మంచం మీద ఒక నిమిషం కూర్చుని లేవమనండి. దారిలో దీపం, బాత్‌రూములో పట్టుకునే కడ్డీ ఈ ఆదివారమే మీ అబ్బాయి చేత బిగించుకోండి.

ఎప్పుడైనా పడి, కాలు మోపలేకపోతే తైలం మర్దనా, కట్టుకట్టించడం వద్దు. కాలు కదలకుండా చూసి నేరుగా ఎముకల డాక్టరున్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.