పసిబిడ్డ తూకం

క్రిందటి నెల మన బేరిగైలో ఒక పెండ్లికి వెళ్ళాము. అక్కడ ఎనిమిది నెలల బిడ్డలను ఇద్దరిని ఒకే చాపమీద కూర్చోబెట్టారు. ఒకడు బొద్దుగా, బుగ్గలు నిండుగా ఉన్న మగబిడ్డ. రెండవది సన్నని ఆడపిల్ల. వచ్చినవారందరూ మగబిడ్డనే ఎత్తుకొని ముద్దాడారు. ఒక అవ్వ మాత్రం ఆడపిల్ల తల్లిని పట్టుకొని, "ఏమ్మా, బిడ్డ ఇంత సన్నంగా ఉండాదే, నీ పాలు నీళ్ళపాలేమో! అంగడిలో డబ్బాపాలు తెచ్చి పోయకూడదా?" అన్నది. "బాగానే తాగతా ఉందవ్వా" అంటూనే ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది. నిజం చెప్పవలెనంటే, మేమూ అవ్వ మాటకే తల ఊపాము.

ఇద్దరూ మాకు దగ్గరి చుట్టాలే. తరువాతి వారంలో అంగన్‌వాడీలో తూకం వేయించిన కార్డులు రెండూ మా చేతికి వచ్చాయి. ఆడపిల్ల పుట్టినప్పుడు 2.6 కిలోలు, ఆరవ నెలలో 6 కిలోలు, ఎనిమిదవ నెలలో 6.6 కిలోలు. మగబిడ్డ పుట్టినప్పుడు 3.5 కిలోలు, ఆరవ నెలలో 7.8 కిలోలు, ఎనిమిదవ నెలలోనూ అదే 7.8! సన్నపిల్ల రెండు నెలలలో 600 గ్రాములు పెరిగింది. బొద్దుపిల్లవాడు ఒక్క గ్రామైనా పెరగలేదు. మేము తల ఊపినది తప్పని అప్పుడు తెలిసింది.

చదువరులు గమనించవలసిన సంగతి ఇదే. బిడ్డ ఈ దినం ఎంత తూగింది అన్నదానికంటె, పోయిన నెలకూ ఈ నెలకూ ఎంత పెరిగింది అన్నది ముఖ్యం. 1980 లో మదురై జిల్లాలో మొదలైన తమిళనాడు సమగ్ర పోషకాహార పథకం ఈ సూత్రంమీదనే నడిచింది. ఆరు నెలలు మొదలు మూడేండ్ల వరకు పిల్లలను నెలనెలా తూచి, పెరుగుదల ఆగినవారిని ఏరి ఆహారమిచ్చేవారు.

పుట్టిన మొదటి దినాలలో బిడ్డ తూకం పదోవంతు వరకు తగ్గవచ్చు, భయపడనక్కరలేదు. రెండు వారాలలోపల అది తిరిగి రావలెను. మొదటి మూడు నెలలు దినానికి సుమారు 25 నుండి 30 గ్రాములు, ఆపైన ఆరవ నెల వరకు నెలకు సుమారు అరకిలో, తరువాత ఏడాది నిండేవరకు నెలకు సుమారు 300 గ్రాములు పెరగడం మామూలు. ఇంచుమించు అయిదవ నెలకు పుట్టిన తూకం రెండింతలూ, ఏడాదికి మూడింతలూ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1997 నుండి 2003 వరకు మన ఢిల్లీతో సహా ఆరు దేశాలలో పిల్లలను తూచి, 2006 లో ప్రకటించిన కొలతలే నేడు మన కార్డులలో ఉన్నవి.

తూచడంలోనూ మెలకువ కావలె. ప్రతినెలా ఒకే త్రాసు, బట్టలు లేకుండా. వెండి మొలత్రాడు, కాలి కడియాలు తీసివేయండి. వాటి బరువు బిడ్డ ఖాతాలో పడరాదు. తూస్తే దిష్టి తగులుతుందనే పెద్దలుంటే, బుగ్గన ఒక కాటుకచుక్క పెట్టి మరీ తూయించండి!

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ అక్కరలేదు; నీళ్ళు కూడా వద్దు. బిడ్డ దినానికి ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చపోసి, హుషారుగా ఉండి, నెలనెలా తూకం పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. తల్లిపాలు 'నీళ్ళపాలు' కావడమంటూ లేదు. డబ్బాపాలు ఎక్కువ నీళ్ళతో కలిపితే బిడ్డకు బలం చాలదు; సీసా శుభ్రంగా లేకుంటే విరేచనాలు పట్టుకొంటాయి. ఒకప్పుడు పత్రికలలో బొద్దుబిడ్డ బొమ్మతో డబ్బాపాల ప్రకటనలు వచ్చేవి. 1992 నాటి చట్టం వాటిని నిషేధించింది. డబ్బామీద బిడ్డ బొమ్మ కూడా వేయరాదు. డబ్బాపాలు నిజంగా అవసరమా, కాదా అన్నది డాక్టరు చెప్పవలసిన మాట.

మరి మన మగబిడ్డ సంగతి? ఏడవ నెలలో రెండుసార్లు విరేచనాలైనాయట. పాపం, తల్లి భయపడి ఉత్త గంజినీళ్ళే పోస్తూ వచ్చింది. పలుచని గంజితో కడుపు నిండుతుందే గాని బలం రాదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు తల్లిపాలతోబాటు, చెంచా వంచితే జారిపోనంత చిక్కని ఆహారం కావలె. ఎనిమిదవ నెల వరకు దినానికి రెండు మూడుసార్లు, ఆపైన మూడు నాలుగుసార్లు. జబ్బులో తిండి మాన్పరాదు. తగ్గినాక రెండు వారాలు ఒక పూట ఎక్కువే పెట్టవలె.

ఇందుకు మన సీమ రాగిని మించినది ఏమున్నది? 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. రాగులు రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక వచ్చినాక ఆరబెట్టి, దోరగా వేపి, విసిరి, పలుచని గుడ్డలో జల్లించండి. మొలకకట్టిన పిండి ఉడికితే బంకకట్టదు. కనుక తక్కువ నీళ్ళలో ఎక్కువ పిండి పడుతుంది. దానిలో ఒక చెంచా నెయ్యి వేయండి. మెత్తగా మెదిపిన పప్పన్నం, అరటిపండు, తినే ఇండ్లలో గుడ్డు, ఒక్కొక్కటిగా అలవాటు చేయండి.

రెండు వారాలకు పుట్టిన తూకం తిరిగి రాకున్నా, ఒక నెలంతా తూకం కదలకున్నా, బిడ్డ పాలు పట్టక సోలిపోయినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.

మగబిడ్డను డాక్టరుకు చూపించారు. వేరే జబ్బేమీ లేదన్నారు. ఈ నెల తూకంలో వాడు 350 గ్రాములు పెరిగాడు. వాడికి రాగులు మొలకకట్టి, విసిరి, జల్లించి ఇచ్చినది ఎవరనుకొన్నారు? పెండ్లిలో డబ్బాపాలు తెమ్మన్న ఆ అవ్వే! ఆడపిల్ల కార్డు కూడా తెప్పించుకొని చదివించుకొన్నదట.