రిటైరైతే ఈఎస్‌ఐ కార్డు పోనక్కర్లేదు

జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో విశాఖ ఆటోనగర్‌లోనో పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన కార్మికుణ్ని కదిపి చూడండి. పీఎఫ్ ఎంత చేతికొచ్చిందో చెబుతాడు. గ్రాట్యుటీ లెక్క ఎలా కట్టారో చెబుతాడు. నెలనెలా పెన్షన్ ఎంత పడుతుందో రూపాయితో సహా చెబుతాడు. మరి ఈఎస్‌ఐ కార్డు సంగతేమిటంటే, "ఉద్యోగంతోనే పోయింది కదండీ" అంటాడు. దాన్ని నిలబెట్టుకునే దారి ఉందని ఆయనకు చెప్పాల్సినవాళ్లు ఎవరూ చెప్పలేదు.

ఈఎస్‌ఐ కేంద్ర నిబంధనల్లో 61వది ఇందుకోసమే ఉంది. కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐ పరిధిలో పనిచేసి, వయసు వచ్చి విరమించినా, వీఆర్‌ఎస్ తీసుకున్నా, నెలకు పది రూపాయల లెక్కన ఏడాది చందా ముందుగా కట్టి వైద్యం కొనసాగించుకోవచ్చు. ఏడాదికి 120 రూపాయలు. ఆ డబ్బుతో భార్యాభర్తలిద్దరికీ డిస్పెన్సరీలో మందులు, ఆస్పత్రిలో చికిత్స దొరుకుతాయి. ఏటా మళ్లీ కట్టుకుంటూ పోవాలి, అంతే.

ఆరోగ్యశ్రీ ఉంది, ఆయుష్మాన్ భారత్ ఉంది, ఇదెందుకు అని అడిగేవారున్నారు. 2024 అక్టోబరు 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల దాకా చికిత్స ఇస్తోంది. మంచి పథకం, కాదనను. కానీ అది డెబ్బై నిండినవారికి. మన ఫ్యాక్టరీల్లో 58కే, మహా అయితే 60కే ఇంటికి పంపేస్తారు. మధ్యలో ఆ పదీ పన్నెండేళ్ల మాటేమిటి? గుండె, కిడ్నీ, కంటి శుక్లం, మోకాళ్లు వరసగా పలకరించేది ఆ ఏళ్లలోనే. ప్రైవేటు బీమా ప్రీమియం మోయలేనంత పెరిగేదీ అప్పుడే.

ఇంకో తేడా కూడా ఉంది. నా దృష్టిలో అదే పెద్దది. ఆరోగ్యశ్రీ అయినా ఆయుష్మాన్ అయినా ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పుడు ఆదుకునేవి. ముసలితనంలో ఇంటి బడ్జెట్‌ను రోజూ కొరికేది ఆపరేషన్ కాదు. బీపీ మాత్రలు, సుగరు మాత్రలు, ఇన్సులిన్, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. పీఎఫ్ పెన్షన్‌లో కనీస మొత్తం 2014 నుంచి వెయ్యి రూపాయలే. ఆ వెయ్యి మందుల షాపులో ఎన్నాళ్లు ఆగుతుంది? ఓపీ చూసి, నెలవారీ మందులిచ్చి పంపే ఏర్పాటు కార్మికుడికి ఈఎస్‌ఐలో ఉంది.

కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేసి రిటైరైనాయన సంగతి చూడండి. నెలకు 250 చొప్పున పదేళ్ల చందా, అంటే 30 వేలు ఒకేసారి కట్టేస్తే ఆయనకు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సీజీహెచ్‌ఎస్) కార్డు జీవితాంతం నడుస్తుంది. అలాంటి సౌకర్యం ఉందని ఆయనకు తెలుసు, ఆయన సంఘానికి తెలుసు, ఆఫీసులో తోటివారికీ తెలుసు. లేత్ మెషిన్ మీద జీవితం గడిపినవాడికి తన హక్కు తెలియదు.

తెలియకపోవడానికి ఇంకో కారణం, పని మానేసిన తర్వాత కూడా కొన్ని నెలలు పాత చందా మీదే కార్డు నడవడం. అంతా మామూలుగానే ఉందనుకుంటారు. ఒకరోజు డిస్పెన్సరీలో కంప్యూటరు చూసి "మీ కార్డు ఆగిపోయిందమ్మా" అంటారు. అప్పటికి కంపెనీతో సంబంధం తెగిపోయి ఉంటుంది. కాగితం మీద సంతకం కోసం గేటు దగ్గర పడిగాపులు కాయాలి.

కాంట్రాక్టు కార్మికులది మరీ కష్టం. ఒకే షెడ్డులో, ఒకే యంత్రం దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసినా కాగితాల మీద నలుగురైదుగురు కాంట్రాక్టర్లు మారి ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో ఐపీ (ఈఎస్‌ఐ బీమా) నంబరు తీసి ఉంటారు. రిటైరైనట్టు రుజువు తెమ్మంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆఖరి కాంట్రాక్టరు ఫోను ఎత్తడు. నిజానికి ఆ రుజువు ఈఎస్‌ఐ కార్పొరేషన్ దగ్గరే ఉంది. ఏ నెల ఎంత చందా జమైందో వాళ్ల లెక్కల్లోనే ఉంటుంది, వయసు ఆధార్‌లో ఉంటుంది. తన దగ్గరున్న సమాచారాన్నే అరవయ్యేళ్ల మనిషిని మోసుకు రమ్మనడం అన్యాయం.

జీతం పెరిగి నష్టపోయినవాళ్లు వేరే ఉన్నారు. 2017 నుంచి పరిమితి నెలకు 21 వేలు. అది దాటితే ఈఎస్‌ఐ నుంచి బయటికి. ఇరవై ఐదేళ్లు చందా కట్టి, చివరి రెండు మూడేళ్లలో జీతం పరిమితి దాటినవాడు రిటైరయ్యేనాటికి పరిధిలో లేడన్నమాట. 2024 ఫిబ్రవరిలో కార్పొరేషన్ దీన్ని సడలించింది. 2012 ఏప్రిల్ 1 తర్వాత పరిధిలో ఉండి, 2017 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ 30 వేల లోపు జీతంతో విరమించినవారికి దారి తెరిచింది. ఈ మాట ఎంతమంది చెవిన పడింది?

ఈఎస్‌ఐ ఆస్పత్రుల్లో క్యూలు, మందుల కొరత గురించి నాకూ తెలుసు. సనత్‌నగర్ ఆస్పత్రికి తెల్లారకముందే బయల్దేరేవాళ్ల బాధ నిజమైనదే. ఉన్నవాళ్లకే చాలడం లేదు, రిటైరైనవాళ్లను ఎక్కడ కూర్చోబెడతారన్న వాదన మాత్రం ఒప్పుకోను. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు ఆ చందా కట్టి, డిస్పెన్సరీ గడప తొక్కనివాళ్లు లక్షల్లో ఉంటారు. ఇప్పటికీ జీతంలోంచి 0.75 శాతం కోస్తున్నారు, యాజమాన్యం 3.25 శాతం వేస్తోంది. జబ్బులు మొదలయ్యే వయసులో తలుపు మూస్తే దాన్ని బీమా అని ఎలా అంటాం?

పీఎఫ్ పెన్షన్‌కు కాగితం మీద పెట్టే 10-డి ఫారం యాజమాన్యం సంతకంతో వెళుతుంది. అదే టేబుల్ మీద, అదే రోజు ఈఎస్‌ఐ దరఖాస్తు కూడా నింపి, మొదటి ఏడాది 120 రూపాయలు సెటిల్‌మెంటులోంచే కట్టి పంపడాన్ని తప్పనిసరి చేయాలి. ఇందుకు చట్టం మార్చాల్సిన పనిలేదు, ఒక ఉత్తర్వు చాలు. జీతాల ఒప్పందాలకు కూర్చునే యూనియన్లు ఈ అంశాన్ని కూడా డిమాండ్ల పత్రంలో చేర్చాలి.

అంతదాకా ఆగకండి. మీ ఇంట్లో, మీ వీధిలో ఈ ఏడాది రిటైరయ్యేవారుంటే ఆఖరి జీతం అందకముందే కంపెనీ నుంచి సర్వీసు కాలం, విరమణ తేదీ రాసిన ధ్రువపత్రం తీసుకోమనండి. ఐపీ నంబరు, ఇద్దరి ఆధార్లు, ఫొటోలు పట్టుకుని దగ్గర్లోని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లమనండి. కౌంటరులో కాదు పొమ్మంటే 61వ నిబంధన పేరు చెప్పి, దరఖాస్తు తీసుకున్నట్టు రసీదు అడగమనండి.