బోహోల్ వంతు, రేపల్లె తూము

వరిచేలో కాలు పెడితే మడమ పక్కనుంచి బుడబుడమని బుడగలు లేస్తాయి. వాటిలో మీథేన్ ఉంటుంది. వారాల తరబడి నీరు నిలిచి బురదకు గాలాడక పుట్టే వాయువు అది. భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకంటే నూరేళ్ల లెక్కన సుమారు 27 రెట్లు గట్టిది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఉద్గారాలను సున్నాకు తేవాలనుకునే సంఘం ఏదైనా సోలార్ పలకలకంటే ముందు ఈ బుడగలను పట్టించుకోవాలి.

ఫిలిప్పీన్స్‌లోని బోహోల్ దీవిలోనూ మన కథే నడిచేది. కాలువ ఎగువన చేలు నిండుగా, చివరి భూములు ఎండుగా ఉండేవి. 2006 ప్రాంతాల్లో అక్కడ తడి ఆరనిచ్చి మళ్లీ పెట్టే పద్ధతి తెచ్చారు. చిల్లులు పెట్టిన అడుగు పొడవు గొట్టాన్ని చేలో దించి, లోపలి మట్టి తీసేస్తారు. నీరు నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి. పూత దశలో మాత్రం నీరు తగ్గనివ్వరు. ఇలా చేస్తే దిగుబడి చెడకుండా నీరు 30 శాతం దాకా మిగులుతుంది, మీథేన్ సగం దాకా తగ్గుతుంది.

అయితే బోహోల్‌ను గట్టెక్కించింది గొట్టం ఒక్కటే అనుకోను. కాలువకు వంతులు పెట్టి, వాటికి కట్టుబడటమే అసలు పని. ఎంత నీరు పెట్టినా శిస్తు ఒకటే అయినప్పుడు ఒక్క రైతు నీరు పొదుపు చేస్తే అతనికి ఒరిగేదేముంది? పైగా, ఇప్పుడు వదిలేస్తే మళ్లీ వస్తుందో రాదోనన్న భయం. రేపల్లె చివరి భూముల రైతును ఆ భయం విషయంలో తప్పుపట్టలేం.

వంతులు నడిపే సంఘాలు మనకు కొత్తగా పుట్టనక్కర్లేదు. 1997 చట్టంతోనే నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. చేను ఆరబెట్టడమూ మనకు తెలుసు; కోతకు ముందు నీరు తీసి మినుములు చల్లుతున్నవాళ్లమే కదా. చిక్కల్లా 2022 జిల్లాల విభజన తర్వాత తెనాలి గుంటూరు జిల్లాలో, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉండటం. కాలువకు ఆ హద్దు తెలియదు, వంతుకు మాత్రం తెలుస్తుంది. ఇంకో జాగ్రత్త: నల్లరేగడిని నెర్రెలిచ్చేదాకా ఆరనివ్వకూడదు, తీరంవైపు చవుడు పైకి తేలే చేలను ఈ పద్ధతిలోకి లాగకూడదు.

వచ్చే సార్వాకు ఒక్క తూము కింది రైతులు, అక్కడ నీరు వదిలే లస్కరు, బాపట్ల వ్యవసాయ కళాశాలవాళ్లు ఒకచోట కూర్చుని వంతుల తేదీలు రాసుకోండి. ఆ కాగితాన్ని తూము దగ్గరే అందరికీ కనబడేలా అంటించండి.