పేరు నిలిపిన అక్క

మోటారు సైకిలు కబురు మనకెందుకు అనుకోకండి, ఇందులో ఓ అక్క కథ ఉంది. బ్రెజిల్ దేశపు కారు పందేల వీరుడు అయిర్టన్ సెన్నా 1994 మే 1న ఇటలీలోని ఇమోలా పందెంలో 34 ఏళ్లకే పోయాడు. ఇటలీ కంపెనీ డుకాటి 1995లో ఆయన పేరిట బూడిదరంగు ఒళ్లు, ఎర్ర చక్రాలతో మొదట 300 బండ్లే చేసింది. 2002లో ఎం.వి. అగస్టా కూడా 300 చేసి, లాభం సెన్నా సంస్థకిచ్చింది. బ్రెజిల్ పిల్లల చదువుల కోసం ఆ సంస్థను 1994లోనే పెట్టింది ఆయన అక్క వివియాన్. కడుపుకోత అలా పిల్లల పలకాబలపమైంది!

పోయినవాళ్ల ఫొటోకి దండ మనమూ వేస్తాం. సంవత్సరీకం ఖర్చులో కాస్త మిగిల్చి, వాళ్ల పేరు చెప్పి ఓ పేదపిల్లకి పుస్తకాలు కొనిపెట్టలేమా, చెప్పండి?